ప్రేమకీ యుద్ధానికీ ఒకే దేవత: కల్పిత లోకాలు కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాంటసీ కథలు రాసేవాళ్ళూ, నలుగురిని కూర్చోబెట్టి పాత్రల ఆట (రోల్-ప్లేయింగ్ గేమ్) నడిపేవాళ్ళూ తమ లోకానికి దేవతల్ని ఏర్పాటు చేసుకునేటప్పుడు ఈవిడ దగ్గర తప్పకుండా ఆగుతారు. ప్రేమా ఈవిడదే, యుద్ధమూ ఈవిడదే. వినడానికి గొప్పగా ఉంటుంది, రాయబోతే చేతికి చిక్కదు. చాలా ఏళ్ళుగా నేను ఈ దేవతతోనే కుస్తీ పడుతున్నాను. నాకు దారి చూపించింది చరిత్రే. మూడు వేల ఏళ్ళ పాటు మనుషులు నిజంగా కొలిచిన ఇలాంటి దేవత ఒకామె ఉంది, పేరు ఇనాన్నా. అందుకే ఈ జవాబుల్లో మాటిమాటికీ ఆమే వస్తుంది.

ప్రేమ ఎక్కడ, యుద్ధం ఎక్కడ? ఒకే దేవతలో రెండూ ఎలా పొసగుతాయి?

మనకి వింతగా అనిపిస్తుంది గానీ ఉరుక్ జనానికి ఇందులో వింతేమీ లేదు. మనుషులు రాత నేర్చుకున్న తొలి నగరాల్లో ఉరుక్ ఒకటి. ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగంలో ఉండేది. ఆ నగరపు దేవతని అక్కడి పాతకాలపు జనమైన సుమేరియన్లు ఇనాన్నా అన్నారు, అక్కాడియన్ అనే ఇంకో భాష మాట్లాడేవాళ్ళు ఇష్తార్ అన్నారు. ఆమె గుడి పేరు ఎ-అన్నా, అంటే ఆకాశపు ఇల్లు. క్రీ.పూ. 3000 కన్నా ముందటి మట్టిపలకల మీదే ఆమె పేరు ఉంది. పెళ్ళిపాటల్లో పిలిచిందీ ఆమెనే, సైన్యం కదిలే ముందు మొక్కిందీ ఆమెకే.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి అని నేను చాలాకాలం వెతికాను. ఇప్పుడు నేను నమ్మేది ఇది. మనసుపడిన మనిషి ఎదురుగా వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, కాళ్ళు మాట వినవు. కత్తి దూసిన మనిషి ఎదురుగా వచ్చినప్పుడూ అంతే. రెండు చోట్లా మన ఒళ్ళు మన అదుపులో ఉండదు. రెండు చోట్లా మన హద్దు దాటి ఇంకొకరి హద్దులోకి వెళ్తాం, లేదా వాళ్ళు మన హద్దులోకి వస్తారు. ఆ హద్దు చెరిగే క్షణం ఈ దేవతది. సుమేరియన్ కవులు యుద్ధాన్ని ఇనాన్నా ఆట అని పిలిచేవారు. ఆ మాట దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి, మీ దేవత సగం దొరుకుతుంది.

కాబట్టి మీ లోకపు దేవతల పట్టికలో ఆమె పేరు పక్కన "ప్రేమ, యుద్ధం" అని రెండు శాఖలు రాసుకోకండి. ఆమెకి ఉన్నది ఒక్కటే, అది రెండు చోట్ల బయటపడుతుంది.

శాంతంగా ఉంటే ప్రేమదేవత, కోపం వస్తే యుద్ధదేవత. ఇలా రెండు రూపాలు పెడితే సరిపోదా?

చాలామంది మొదట చేసే పని ఇదే, నేనూ చేశాను. కథలో ఆమె ఎప్పుడు ఏ రూపంలో వస్తుందో చదివేవాళ్ళు ముందే కనిపెట్టేశారు. రూపం మారడం బట్టలు మార్చుకున్నట్టు అయిపోయింది. నిజానికి అలా చేస్తే ఒకే పేరుతో ఇద్దరు దేవతలు తయారవుతారు, అంతే.

దీనికి నాకు దొరికిన మంచి జవాబు ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో ఉన్న అస్సిరియా రాజ్యపు రాజు అషూర్‌బనిపాల్ రాయించుకున్న శాసనాల్లో ఉంది. క్రీ.పూ. 653 ప్రాంతంలో ఎలామ్ (ఇప్పటి ఇరాన్‌లోని పాత రాజ్యం) రాజు తెఉమ్మాన్ దండెత్తి వస్తున్నాడన్న కబురు వచ్చినప్పుడు అషూర్‌బనిపాల్ అర్బేలాలో ఉన్నాడు. ఇప్పుడు ఆ ఊరిని ఎర్బిల్ అంటున్నారు. రాజు ఇష్తార్ ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఒక స్వప్నదర్శికి కల వచ్చింది. కలలో ఇష్తార్ రెండు వైపులా అమ్ములపొదులు వేలాడుతుండగా, చేతిలో విల్లు పట్టుకుని, కత్తి దూసి వచ్చింది. వచ్చి రాజుతో కన్నతల్లిలా మాట్లాడింది. నువ్వు ఇక్కడే ఉండు, తిను, తాగు, పాటలు పెట్టించుకో, నేను వెళ్ళి ఆ పని చూసుకుని వస్తాను అంది. రాజుని తన కౌగిట్లోకి తీసుకుని ఒళ్ళంతా కాపాడింది. ఆ తర్వాత ఆమె ముందు మంట భగ్గుమంది, శత్రువు మీదికి కదిలింది.

ఒక్క దృశ్యం. దూసిన కత్తి చేతిలోనే ఉంది, కౌగిలీ అదే చేతుల్తో. రూపం ఎక్కడా మారలేదు. ఆమెకి ఆ రాజు మీద ఉన్న ప్రేమే అవతలివాడికి మరణం అయింది. మీ కథలో ఆమె కనిపించే ప్రతి సన్నివేశంలోనూ ఇలా రెండూ ఒకేసారి ఉండేలా చూసుకోండి.

ఆమె తల్లి కావాలా?

అవసరం లేదు. ఇనాన్నాకి కొడుకున్నాడని చెప్పే పాఠాలు కొన్ని ఉన్నాయి గానీ ఆమె కథలేవీ బిడ్డల చుట్టూ తిరగవు. పైన చెప్పిన కలలో రాజుతో తల్లిలా మాట్లాడినా, అది ఆమె ఎంచుకున్న మనిషి మీద చూపించిన ప్రేమ. పురుళ్ళూ పంటలూ ఇంకో దేవతకి అప్పగించండి. అన్నీ ఈమెకే ఇచ్చేస్తే పదును పోతుంది.

ఆకాశంలో ఆమెకి గుర్తుగా ఏం పెట్టాలి?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఇనాన్నా గుర్తు ఎనిమిది కోణాల నక్షత్రం, ఆమె గ్రహం శుక్రుడు. మనం వేగుచుక్క అని పిలిచేదీ, పొద్దు గుంకాక పడమట మెరిసేదీ ఒకటే గ్రహం. ఈ సంగతి మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) వాళ్ళకి చాలా ముందే తెలుసు. ఉరుక్‌లో దొరికిన తొలినాటి పలకల్లోనే ఉదయపు ఇనాన్నాకి, సాయంత్రపు ఇనాన్నాకి వేరువేరుగా ఇచ్చిన నైవేద్యాల లెక్కలున్నాయి. కొన్ని పాఠాల్లో పొద్దున కనిపించినప్పుడు ఆమె మగ, సాయంత్రం కనిపించినప్పుడు ఆడ.

ఇక ఆ గ్రహం నడక చూడండి. ఎనిమిదీ తొమ్మిది నెలలు తెల్లవారుజామున తూర్పున కనిపిస్తుంది. తర్వాత దాదాపు 50 రోజులు ఎక్కడా కనిపించదు. మళ్ళీ ఎనిమిదీ తొమ్మిది నెలలు సాయంత్రాలు పడమట ఉంటుంది. ఆ తర్వాత ఓ వారం పైన మాయమై, తిరిగి తూర్పున తేలుతుంది. ఈ చుట్టు మొత్తం సుమారు 584 రోజులు. అలాంటివి ఐదు చుట్లు పూర్తయ్యేసరికి మనకి దాదాపు సరిగ్గా 8 ఏళ్ళు అవుతాయి, అప్పుడు శుక్రుడు ఆకాశంలో అదే ఋతువులో, అదే చోట కనిపిస్తాడు. బాబిలోన్ రాజు అమ్మిసదుకా కాలపు పరిశీలనల పలక ఒకటి ఉంది. శుక్రుడు ఎప్పుడు కనిపించాడో, ఎప్పుడు మాయమయ్యాడో 21 ఏళ్ళ లెక్క అందులో ఉంది. దాని నకళ్ళు నినెవేలో అషూర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికాయి.

ఇది మీ లోకానికి ఎంత పనికొస్తుందో చూడండి. మీ దేవత నక్షత్రం మాయమైన రోజుల్లో ఏమవుతుంది? పెళ్ళిళ్ళు ఆపేస్తారా? కందకాల్లో ఎదురెదురుగా ఉన్న రెండు సైన్యాలు ఆయుధాలు కింద పెట్టి ఎదురుచూస్తాయా? ఆ విరామం ఎన్ని రోజులో పూజారులకి మాత్రమే తెలిస్తే, వాళ్ళ చేతిలో ఎంత అధికారం ఉన్నట్టు? దేవతకి ఒక లెక్క ఉంటే కథకి ఒక గడియారం దొరుకుతుంది. చంద్రుణ్ణి మాత్రం ఆమెకి ఇవ్వకండి. సుమేరియన్ల దగ్గర చంద్రుడు ఆమె తండ్రి నన్నా, అది వేరే కథ.

ఆమెకి భర్త ఉండాలా? ఉంటే ఎలాంటివాడు?

ఉంటే ఆమెకన్నా చిన్నవాడే ఉండనివ్వండి. ఇనాన్నా వలచింది దుముజి అనే గొర్రెల కాపరిని. వాళ్ళ ప్రేమపాటలు నేటికీ తాజాగా ఉంటాయి. అమ్మకి ఏం చెప్పి ఇంటికి ఆలస్యంగా వెళ్ళాలి అని ఇద్దరూ ఆలోచించుకునే పాట కూడా ఉంది. అదే దుముజిని తర్వాత ఆమే పాతాళపు భటులకి అప్పగిస్తుంది, ఆ తర్వాత ఆమే ఏడుస్తుంది. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు, అందుకే ఆమె మనసుని పట్టుకుంటుంది.

ఉరుక్ రాజు గిల్గమెష్ గురించిన కావ్యం ఆరో పలకలో మాత్రం కథ తిరగబడుతుంది. ఇష్తార్ తనే వచ్చి పెళ్ళాడమంటే, నీ ప్రియుల గతి ఏమైందో నాకు తెలుసు అని గిల్గమెష్ ఒక్కొక్కరినీ లెక్కపెట్టి కాదంటాడు. ఆమె తండ్రి (ఈ కావ్యంలో ఆకాశదేవుడు అను) దగ్గరికి వెళ్ళి పట్టుబట్టి, ఆకాశపు ఎద్దుని నగరం మీదికి వదులుతుంది. ప్రేమ కాదన్నందుకు యుద్ధం. మీ కథలో ఈమెకి "వద్దు" అని చెప్పే పాత్ర ఒకటి తప్పకుండా ఉండాలి.

ఇంత శక్తి ఉన్న దేవత ఓడిపోవచ్చా?

ఓడిపోవాలి. ఓటమి లేకపోతే ఆమె కథ కాదు, పొగడ్త అవుతుంది.

ఇనాన్నా పాతాళానికి దిగిన కథ దీనికి పాఠం లాంటిది. అక్కడ ఏలేది ఆమె అక్క ఎరెష్కిగాల్. ఇనాన్నా కిరీటం, నీలపురాళ్ళ పూసలు, బంగారు కడియం, చేతిలో కొలకర్ర, రాచవస్త్రం అన్నీ వేసుకుని బయలుదేరుతుంది. రొమ్ము మీది ఆభరణం పేరు "రా, మనిషీ, రా". దారిలో ఏడు ద్వారాలు. ప్రతి ద్వారం దగ్గరా ఒక్కొక్కటి తీసేయమంటారు. ఇదేమిటని ఆమె అడిగిన ప్రతిసారీ ద్వారపాలకుడు ఒకటే జవాబు చెబుతాడు: మాట్లాడకు, పాతాళపు నియమాలకి లోటుండదు, వాటిని ప్రశ్నించకూడదు. ఏడో ద్వారం దాటేసరికి ఒంటి మీద ఏమీ లేదు. అక్కడ ఆమెని చంపి కొక్కానికి తగిలిస్తారు.

మూడు రోజులు, మూడు రాత్రులు. అప్పుడు ఆమె చెలికత్తె నిన్షుబుర్, ముందే చెప్పి వెళ్ళినట్టు, దేవుళ్ళ దగ్గరికి పరిగెత్తుతుంది. ఇద్దరు కాదంటారు. నీళ్ళకీ తెలివికీ దేవుడైన ఎన్కి ఒక్కడే కదులుతాడు. తన గోళ్ళ కింది మట్టి తీసి రెండు ప్రాణులని చేస్తాడు, అవి ఆడా కావు మగా కావు. అవి పాతాళంలో ఏ యుద్ధమూ చెయ్యవు. నొప్పితో మూలుగుతున్న ఎరెష్కిగాల్ దగ్గర కూర్చుని, ఆమె "అబ్బా నా లోపల" అంటే అవీ "అబ్బా నీ లోపల" అంటాయి. తన బాధ విన్నవాళ్ళకి ఆమె వరం ఇస్తుంది, అవి కొక్కానికి ఉన్న శవాన్ని అడుగుతాయి.

నాకు ఈ కథలో ఎప్పుడూ కళ్ళు చెమర్చేది ఇక్కడే. యుద్ధదేవతని కత్తి కాపాడలేకపోయింది. పక్కవాళ్ళ బాధని తమ నోటితో పలికిన రెండు మట్టిప్రాణులు కాపాడాయి.

కానీ పాతాళం ఊరికే వదలదు, ఆమెకి బదులు ఇంకొకరు కావాలి. పైకి వచ్చి చూస్తే తన కోసం నిన్షుబుర్ మాసిన బట్టల్లో ఏడుస్తూ ఉంది. దుముజి మాత్రం మంచి బట్టలు వేసుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. అతన్ని తీసుకెళ్ళమంటుంది. చివరికి దుముజీ, అతని అక్క గెష్తినన్నా చెరి ఆర్నెల్లు పాతాళంలో ఉండేలా తీర్పు వస్తుంది.

ఈ కథ అక్కాడియన్ పాఠంలో ఇంకో మాట ఉంది. ఇష్తార్ కింద ఉన్నన్నాళ్ళూ భూమి మీద ఎద్దు ఆవుని చేరలేదు, మగవాడు తన గదిలో, ఆడమనిషి వేరేగా పడుకున్నారు. అంటే ఆమె లేకపోతే కోరిక ఆగిపోయింది. మరి యుద్ధాలు? వాటి సంగతి ఆ పాఠం చెప్పదు. ఆ ఖాళీ మీ లోకానికి వదిలిన చోటు అనుకోండి.

రెండు సైన్యాలూ ఆమెకే మొక్కితే ఆమె ఎవరి పక్షం?

తను ప్రేమించినవాళ్ళ పక్షం, ప్రేమించినంత కాలం. న్యాయం ఎటుంటే అటు అని మాత్రం పెట్టకండి. న్యాయానికి సుమేరియన్లకి సూర్యదేవుడు ఉతు ఉన్నాడు, ఈమె సోదరుడే.

అక్కాడియన్ మాట్లాడే రాజుల రాజధాని అక్కాద్ పతనం గురించిన సుమేరియన్ కావ్యం ఒకటి చూడండి. అందులో ఇనాన్నా ఆ నగరంలో మకాం పెట్టినప్పుడు కొట్లు నిండుతాయి, ముసలివాళ్ళకి మంచి మాటలు, పిల్లలకి సంతోషం. తర్వాత ఆమె గుడి వదిలేస్తుంది. ఆయుధం కోసం పరుగెత్తే వీరుడిలా బయటికి నడిచి, యుద్ధమనే వరాన్ని నగరం నుంచి తీసుకుని శత్రువు చేతికి ఇస్తుంది. దేవత శత్రువులో చేరడం కాదు ఇక్కడ భయపెట్టేది. మనసు విరిగిన మనిషి ఇల్లు వదిలినట్టు వదలడం.

శాపాల్లోనూ ఇదే. బాబిలోన్ రాజు హమ్మురాబి తన శాసనాల రాతిస్తంభం చివర, ఈ మాటలు చెరిపిన రాజు ఆయుధాన్ని ఇష్తార్ యుద్ధభూమిలో విరగ్గొట్టాలని శపించాడు. శాపాలన్నీ ఉన్న ఆ రాయినే తర్వాత ఎలామీయులు కొల్లగొట్టి తమ నగరం సూసాకి ఎత్తుకుపోయారు, 1901-02 శీతాకాలంలో ఫ్రెంచి తవ్వకాల్లో అక్కడే దొరికింది. మరో శాసనం అస్సిరియా రాజు ఎసర్హద్దోన్ది. క్రీ.పూ. 672లో చేయించిన ఒప్పందంలో, మాట తప్పినవాడి భార్యలు వాడి కళ్ళముందే శత్రువు ఒడి చేరేలా శుక్రగ్రహం చెయ్యాలనీ, యుద్ధాల ఏలిక ఇష్తార్ వాడి విల్లు విరచాలనీ ఉంది. మీ లోకంలో రాజులు ఒప్పందం చేసుకునే సన్నివేశం ఉంటే ఈ రెండు శాపాల్ని పక్కపక్కన పెట్టుకుని రాయండి. పడకగదీ యుద్ధభూమీ ఒకే ఒట్టు కింద ఉన్నాయి.

ఆమె పూజారులు ఎవరై ఉండాలి?

అందగత్తెలైన దేవదాసీలూ, కవచాలు తొడిగిన భటులూ అని రాసేయడం తేలిక. అసలు చరిత్ర అంతకన్నా చాలా గొప్పగా ఉంది. ఇసిన్ నగరపు రాజు ఇద్దిన్-దగాన్ కాలపు స్తోత్రంలో ఆమె పండగ ఊరేగింపు వర్ణన ఉంది. ఒంటికి ఒక వైపు మగ బట్టలు, ఇంకో వైపు ఆడ బట్టలు వేసుకుని జనం నడుస్తారు. కుర్గర్రా అనే వాళ్ళు కత్తులు పట్టుకుని వస్తారు. మగవాళ్ళని ఆడవాళ్ళుగా, ఆడవాళ్ళని మగవాళ్ళుగా మార్చే శక్తి ఆమెదని ఇంకో స్తోత్రం చెబుతుంది. గలా అనే గాయకులు ఏడుపుపాటలు పాడేవారు, అదీ ఎమెసల్ అనే యాసలో. సాహిత్యంలో దేవతలైన ఆడవాళ్ళు మాట్లాడే యాస అది.

హద్దు దాటే దేవతకి హద్దుల మధ్య బతికే మనుషులే దగ్గరివాళ్ళు. వాళ్ళని మీ కథలో వింత కోసం, నవ్వు కోసం పెట్టకండి. ఆ ఊళ్ళో వాళ్ళకి గౌరవమూ ఉంటుంది, జనం వాళ్ళని చూసి భయపడతారు కూడా. ఆ రెండూ రాయండి.

ఎన్‌హెడువన్నా గురించీ చెప్పాలి. అక్కాద్ రాజు సర్గోన్ కూతురు, ఊర్ నగరంలో చంద్రదేవుడి ప్రధాన పూజారిణి. పేరు తెలిసిన తొలి కవయిత్రి అని చాలామంది ఆమెనే అంటారు. తిరుగుబాటు చేసిన లుగల్-అనే తనని గుడి నుంచి వెళ్ళగొట్టినప్పుడు, తను కొలిచే చంద్రదేవుడు పలకకపోతే, ఆమె ఇనాన్నాని పిలిచింది. 150కి పైగా పంక్తుల ఆ స్తోత్రంలో కవయిత్రి తన కవిత పుట్టడాన్ని కాన్పుతో పోల్చుకుంటుంది. కొన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా బడిపిల్లలు దాన్ని మట్టిపలకల మీద దిద్దుకున్నారు. మీ లోకపు పూజారిణికి ఇంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు.

ఆటలో ఆమె భక్తులకి ఏ శక్తులు ఇవ్వాలి?

వశీకరణం, కత్తికి మంట అని మామూలుగా ఇచ్చేవి ఇవ్వచ్చు గానీ, "మె" జాబితా చూశాక మనసు మారుతుంది. మె అంటే నాగరికతని నడిపే శక్తులూ పద్ధతులూ. ఇనాన్నా ఎన్కి నగరమైన ఎరిదుకి వెళ్ళి, ఎన్కితో కూర్చుని బీరు తాగి, మత్తులో ఆయన ఇచ్చిన మెలని పడవకెక్కించి ఉరుక్ తెచ్చేస్తుంది. దాదాపు వంద ఉంటాయి. రాజరికం, ముద్దులు, నగరాల దోపిడీ, విలాపం, సంతోషం, అబద్ధం, వడ్రంగం, లేఖకుడి విద్య, పాతాళానికి దిగడం, తిరిగి రావడం.

అందుకని నేను ఆటలో ఆమె వరాల్ని జంటలుగా ఇస్తాను. పగ తీర్చుకునే బలం తీసుకున్న పాత్రకి ఆ శత్రువు ఏడుపు కూడా వినబడుతుంది, చెవులు మూసుకున్నా ఆగదు. ఆడేవాళ్ళు మొదట ఇబ్బంది పడతారు, రెండో వారానికి అదే వాళ్ళ పాత్రకి ప్రాణం అవుతుంది.

బొమ్మలో ఆమెని ఎలా చూపించాలి?

అక్కాద్ కాలపు ముద్రల మీద ఆమె భుజాల నుంచి ఆయుధాలు మొలిచినట్టు ఉంటాయి, పాదం సింహం వీపు మీద ఉంటుంది, దాని పగ్గం చేతిలో ఉంటుంది. ఇక అరకొర కవచాలు తొడిగిన బొమ్మలు వద్దు. ఆ కవచం ఆమెని కాపాడదు, చూసేవాళ్ళ కోసం మాత్రమే ఉంటుంది.

ఇనాన్నాని వదిలేస్తే ఇలాంటి దేవతలు ఇంకెవరున్నారు?

సిరియా తీరంలోని పాత నగరం ఉగారిత్‌లో దొరికిన పలకల్లో అనాత్ ఉంది. మోకాలిలోతు రక్తంలో నడిచి నవ్వుతుంది. తుఫాను దేవుడు బాల్ చనిపోయినప్పుడు, లేగ కోసం ఆవు మనసు కొట్టుకున్నట్టు ఆమె మనసు కొట్టుకుంటుంది. ఆ తర్వాత మృత్యుదేవుడు మోత్‌ని పట్టుకుని ధాన్యంలా కోసి, తూర్పారబట్టి, కాల్చి, తిరగలిలో విసిరి, పొలంలో చల్లుతుంది. ఉత్తరాది నార్స్ జనానికి ఫ్రేయా ఉంది. ప్రేమపాటలంటే ఇష్టం, పిల్లులు లాగే రథం, యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళలో సగం మంది ఆమె వాటా, మిగతా సగం దేవుళ్ళ పెద్ద ఓడిన్‌ది. గ్రీకుల అఫ్రొదితెకి కూడా స్పార్టాలో, కితెరా దీవిలో ఆయుధాలు పట్టిన విగ్రహాలు ఉండేవని క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియాస్ రాశాడు. నన్నడిగితే వీళ్ళలో ముందు అనాత్‌ని చదవమంటాను, దుఃఖం ఆయుధమయ్యే తీరు ఆమె దగ్గరే బాగా తెలుస్తుంది.

రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పుట్టుక కథతో వద్దు. ఆమెకి ఒక మామూలు మనిషి చేసే ప్రార్థన రాయండి, పది పంక్తులు చాలు. ఫలానా మనిషి తలుపు నాకు తెరుచుకోవాలి, అతని మోకాళ్ళు వణకాలి, నా పేరు తప్ప అతని నోట ఇంకో మాట రాకూడదు, అని అడగనివ్వండి. అడుగుతున్నది ప్రియురాలో, గోడ బయట కాచుకున్న సైనికుడో చదివేవాళ్ళకి ఆఖరి పంక్తి దాకా తెలియకూడదు. తర్వాత అదే ప్రార్థనని గోడ లోపల ఉన్న మనిషి చేత కూడా చెప్పించండి.